నలభై మూడో సీను

సుంకన్న చేతి గడియారంలో రెండూ యాభై అయింది. నాలుగింటికి సబ్ ఇన్‌స్పెక్టర్ గోపాలప్ప జీపు వస్తుంది. చచ్చిపోయిన మనిషి గదిలో మహజరు, అంటే పంచనామా, రాసి, సాక్షి చేత సంతకం పెట్టించుకుని, అయిదింటికల్లా ముద్దాయిని పావగడకు తీసుకుపోయి మేజిస్ట్రేటు ముందర నిలబెడతాడు. అక్కడితో గొర్రెలు కాసుకునే హనుమప్ప బతుకు తెల్లారిపోయినట్టే.

అంటే సుంకన్నకు మిగిలింది గంటా పది నిమిషాలు.

హిందూపురం బజారులో 'డిటెక్టివ్' అని బోర్డు వేలాడదీసుకున్న ఈ సుంకన్న ఒకప్పుడు గోపాలప్పతో పాటే పోలీసు ఉద్యోగంలో చేరినవాడు. ఎదుటివాడు చెప్పింది రాసుకోమంటే చెప్పనిది కూడా అడిగే జబ్బు ఉండడం వల్ల ఆ ఉద్యోగంలో ఇమడలేకపోయాడు. అడగని గోపాలప్ప మాత్రం భుజం మీద రెండు నక్షత్రాలు తెచ్చుకున్నాడు. పొద్దున ఠాణాలో ఈ గది తాళంచెవి బల్ల మీద విసిరేసి, "పోయి చూసుకో పోప్పా. నీకు దొరికేదేముంది, దుమ్ము తప్ప?" అన్నాడు. ఆ ఉదారబుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో సుంకన్నకు అప్పటినుంచీ అంతు పట్టడం లేదు.

నిన్న బస్సెక్కి హిందూపురం వచ్చి అతన్ని పట్టుకొచ్చింది హనుమప్ప తల్లి సుబ్బక్క. సుంకన్న తల్లి పుట్టిన ఊరు, ఈవిడ పుట్టిన ఊరు ఒకటే. ఇప్పుడు గడప దగ్గర కూర్చుని చేటలో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. కొడుకు లాకప్పులో ఉన్నా చేతులు ఆగడానికి లేదు. ఎనభై ఏడు జూన్ నెల, రెండేళ్లుగా వాన ముఖం చాటేసింది, మూడో ఏడాదైనా పడితే విత్తనం సిద్ధంగా ఉండాలి. మిషనులో వేస్తే గింజ చీలిపోతుంది కాబట్టి విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి.

"అక్కా, జరిగిందంతా ఇంకొక్కసారి చెప్పుకుందాం. తప్పుంటే చెప్పు," అన్నాడు సుంకన్న.

జరిగింది ఇది. ఈ గదిలో ఉన్న బొమ్మన్న ఈ ఊరివాడే, నిడుగల్లువాడే. పదిహేనేళ్లు మద్రాసులో సినిమాలకు స్క్రీన్‌ప్లేలు రాశాడు, తెర మీద మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ల పేరు పడింది. పోయినేడు విసిగిపోయి ఊరికి వచ్చి, ఈసారి తన పేరుతో ఒక్కటి రాస్తానని కూర్చున్నాడు. వై.ఎన్.హొసకోటలో ఒక మిల్లు యజమాని సినిమా తీస్తానని మాటిచ్చాడు. శుక్రవారం పొద్దున గది వెనక ఎండిపోయిన బావిలో తల పగిలి బొమ్మన్న శవం కనిపించింది. పోయింది గురువారం మధ్యాహ్నమే గానీ ఎన్నింటికో చెప్పలేనన్నాడు డాక్టరు.

హనుమప్ప మీదికి ఎందుకు వచ్చిందంటే, సోమవారం టీ హోటలు దగ్గర పదిమంది ముందర బొమ్మన్న చొక్కా పట్టుకుని, "మా నాయన సావును తెర మీద సూపిస్తే నీ చేతులు ఇరగ్గొడతా," అన్నాడు. బావి తవ్వుతూ మట్టి కూలి చచ్చిపోయిన తండ్రిని బొమ్మన్న నలభై రెండో సీనులో పెట్టాడు. ఆ మీదట ఒక సాక్షి దొరికాడు. బొమ్మన్న రాసింది శుభ్రంగా తిరగరాసి ఫెయిర్ కాపీ చేసే హొసకోట స్కూలు అయ్యవారు ఆదినారాయణప్ప. గురువారం స్కూలుకు సెలవు పెట్టి, మూడున్నరకు తను సైకిలు మీద వస్తూ రోడ్డు మీదినుంచి కిటికీలో బొమ్మన్నను చూశాననీ, హనుమప్ప కర్ర పట్టుకుని తలుపు తోసుకుని పోయాడనీ, భయపడి వెనక్కి తిరిగిపోయాననీ చెప్పాడు.

"నా కొడుకు గొంతు పెద్దదే గాని చేయి పెద్దది కాదప్పా," అంది సుబ్బక్క. "ఆ పొద్దు ఎస్సై పదకొండింటికి ఠాణాకు పిలిపించినాడు. సోమవారం గలాటా గురించి. రెండున్నర దాకా వరండాలో మడమల మీద కుక్కరు కూసోబెట్టి, ఆమీట తరిమినాడంట. ఆడినుంచి ఈడికి గంట నడక. మూడున్నరకి ఊర్లోకి వచ్చినాడు. నేను సూసినా. కర్ర ల్యాకుండానే గొర్రెలు కాస్తారా? కర్ర ఉండాది. అంతమాత్రాన?"

పొద్దున లాకప్పు కమ్మీల వెనకనుంచి హనుమప్ప చెప్పింది కూడా ఇదే, ఒక్క మాట తేడా లేదు. కానీ దానితో లాభమేముంది? సాక్షి చెప్పిన టైము మూడున్నర. మూడున్నరకు హనుమప్ప ఊళ్లోనే ఉన్నాడు. పైగా ఆ టైముకు బొమ్మన్న బతికే ఉన్నాడనడానికి ఆయన నోటుబుక్కే రుజువు. ప్రతి సీను నెత్తిన తేదీ, టైము వేసుకునే అలవాటు ఆయనకు. చివరిదైన నలభై మూడో సీను నెత్తిన 'గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు' అని ఉంది.

కథ కుదిరింది. సుంకన్నకు నచ్చనిది అదే, మరీ బాగా కుదిరింది.

అతను నోటుబుక్కు ముందుకు లాక్కున్నాడు. సీనుకొక పెద్ద కాగితం మధ్యకు మడిచి, వరసగా దారంతో కుట్టిన పొడుగాటి పుస్తకం. అట్ట లోపలి వైపు బొమ్మన్న తనకు తాను రాసుకున్న హెచ్చరికలు ఉన్నాయి. 'కెమెరాకు మనసు కనపడదు, చెయ్యి కనపడుతుంది.' 'సీనులో ఒకడికి ఏదో కావాల, ఇంకొకడు అడ్డం పడాల. లేకుంటే చించు.' 'మొదటినుంచి మొదలుపెట్టొద్దు.' తెరిచిన పుస్తకంలో ఎడమ పేజీ నిండా తెర మీద కనిపించేది, కుడి పేజీ నిండా వినిపించేది. మనిషి పోయినా చేతిరాతలో పట్టుదల పోలేదు. ఒక్కసారైనా ఈయన పేరు తెర మీద పడి ఉంటే బాగుండేదని సుంకన్నకు నిజంగానే బాధ వేసింది.

"ఆయప్ప యట్ల రాస్తా ఉండెక్కా? నీ కంటికి కనపడిందే చెప్పు."

"పొద్దున్నే లేసి ఎడమ పక్క రాస్తా ఉండె. కుడి పక్క ఉత్తగా ఇడ్సిపెడతా ఉండె. మద్దేనం రెండింటికి మేం పదిమందిమి ఆ కొట్టంలో ఇత్తనాలు ఒలుస్తా ఉంటే వచ్చి మా నడుమ కూసుంటా ఉండె. రాసింది సదివి ఇనిపిస్తా ఉండె. 'ఈడ ఈయమ్మ ఏమంటాది? నువ్వైతే ఏమందువు సుబ్బక్కా?' అని అడుగుతా ఉండె. మేం అనిన మాటలు పట్టకపోయి సాయంత్రం కుడి పక్క రాసుకుంటా ఉండె."

సుంకన్న తల ఎత్తాడు. "ప్రతి సీనూ అట్లేనా?"

"అన్నీ. సదివేటప్పుడు ఆయప్ప కాగితం సూడడు, మా చేతులు సూస్తాడు. చేతులు నిలిస్తే సీను నిలిచినట్ల. చేతులు ఆడతానే ఉంటే మా ముందరే కాగితం చించేస్తాడు. ఒగ దినం మూడు చించినాడు. మేస్త్రి హొన్నమ్మ మొత్తుకుంటా ఉండె, నీ సినిమా వల్ల మా ఒలుపు తగ్గతాండాది అని."

"గురువారం ఏం చదివినాడు?"

"గురువారం రానేలేదు కదా. పదకొండింటప్పుడు కొట్టం కాడికి నీళ్లకొచ్చి, 'మద్దేనం కొత్త సీను తెస్తా, ఏడవద్దు మళ్లా' అని నగుకుంటా పాయ. ఒంటిగంటకు సంగటి తెచ్చి ఈ గడపలో పెట్టినా. పిలిస్తే పలకలేదు. రాసుకుంటాండాడేమో అని మాట్లాడకుండా పోతి. రెండైనా రాలేదు. ఆ పొద్దు ఒగొగరం రెండు శేర్లు ఎక్కువ ఒలిచినాం. ఆరింటికి వచ్చి సూస్తే సంగటి నిండా చీమలు." ఆమె గొంతు తగ్గింది. "ఇదే ఎస్సైకి చెప్తి. ముద్దాయి తల్లి మాట కోర్టులో చెల్లదు అన్నాడు."

సుంకన్న నలభై మూడో సీను తెరిచాడు. ఎడమ పేజీ నిండుగా ఉంది. కుడి పేజీ కూడా నిండుగానే ఉంది.

"అక్కా, నువ్వు ఒలుస్తానే ఉండు. నేను చదువుతా."

అతను చదివాడు. "'భర్త మరణించిన స్త్రీ పశ్చాత్తాపంతో కుమిలిపోతూ, గడిచిన మధురక్షణాలను తలుచుకుంటూ ఉంటుంది.' ఇది ఎడమ పక్క. కుడి పక్క ఆమె మాటలు. 'స్వామీ! క్రూరమైన విధి నన్ను వంచించింది. నేనిక ఎవరి కోసం జీవించాలి?'"

టిక్కు, టిక్కుమని కాయలు పగులుతూనే ఉన్నాయి. గింజలు చేటలో పడుతూనే ఉన్నాయి.

"మొగుణ్ణి స్వామీ అని ఎవరు పిలుస్తారప్పా?" అంది సుబ్బక్క తల ఎత్తకుండానే. "ఎవరు రాసినారు దీన్ని?"

సుంకన్న ఒక కాగితం వెనక్కి తిప్పి నలభై రెండో సీను అందుకున్నాడు. "'బావి గట్టు. తాడు పైకి వస్తుంది. బుట్టలో మట్టి లేదు. ఒక టైరు చెప్పు ఉంది. ఆమె చెప్పు తీసుకుని దుమ్ము దులుపుతుంది. గట్టు మీద పెడుతుంది. బుట్టలోకి మళ్లీ చూస్తుంది.' కుడి పక్క ఒకటే మాట. 'ఇంగోటి యాడ?'"

చప్పుడు ఆగింది. సుబ్బక్క రెండు వేళ్ల మధ్య కాయ అలాగే ఉండిపోయింది.

"ఆ మాట నేనే అనింటి," అంది. "ఆ పొద్దు బావి కాడ. నా కొడుకు అది సినిమాలో వద్దన్నాడు. నేను ఉండనీలే అన్నా. ఆయన సచ్చింది ఈ ఊరోళ్లు తప్ప ఇంగెవరికీ తెల్దు కదప్పా. నలుగురూ సూస్తే సూడనీ."

సుంకన్న మళ్లీ నలభై మూడో సీనుకు తిప్పాడు. ఇంత మంచి సీను రాసినవాడు తర్వాతి సీనులోనే 'క్రూరమైన విధి' అని రాస్తాడా? అతను పుస్తకం వెలుతురుకు ఎత్తి కుట్టు దగ్గర చూశాడు. నలభై రెండుకూ నలభై మూడుకూ మధ్య ఒక కాగితం జాగ్రత్తగా చింపిన అంచు, వెంట్రుకంత సన్నగా, దారానికి అంటుకుని ఉంది. ఇక్కడ ఉన్న అసలు కాగితాన్ని ఎవరో తీసేశారు.

మూడూ ఇరవై. ఇంకొక్క పని మిగిలింది.

"అక్కా, ఈ చాప మీద బొమ్మన్న కూచున్నట్లే కూచో."

నేల మీద చాప, ముందర పొట్టి కాళ్ల రాతబల్ల. బల్ల తూర్పు గోడ వైపు తిరిగి ఉంది. బల్లకూ గోడకూ మధ్య ఇంకొక మనిషి ఎదురుగా కూర్చునేంత చోటు. అక్కడ నేల మీద సిరా మరకలు. కిటికీ కూర్చున్న మనిషి వీపు వెనక, రోడ్డు వైపున్న పడమటి గోడకు, మనిషి రొమ్మంత ఎత్తున ఉంది. సుబ్బక్క బల్ల ముందు ముడుచుకుని కూర్చుంది. సుంకన్న బయటికి వెళ్లి, రోడ్డు మీద సైకిలు నిలిపే చోట నిలబడి చూశాడు. రోడ్డు పల్లంలో ఉంది. మడమలు ఎత్తి, మెడ సాచి చూస్తే సుబ్బక్క కొప్పు మాత్రం కనిపించింది.

నాలుగు కావడానికి అయిదు నిమిషాలుండగానే జీపు వచ్చి ఆగింది. వెనక సీటులో బేడీలతో హనుమప్ప. కింది పెదవి వాచిపోయి ఉంది. తల్లిని చూసి ముఖం తిప్పుకున్నాడు. గోపాలప్ప దిగి లాఠీతో ప్యాంటు దుమ్ము దులుపుకున్నాడు. వెనకాలే సైకిలు తోసుకుంటూ ఆదినారాయణప్ప వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చెమట పట్టిన నుదురు.

"ఏంప్పా డిటెక్టివూ, దొరికిందా దుమ్ము?" అన్నాడు గోపాలప్ప.

"దొరికింది. నలభై మూడో సీను బొమ్మన్న రాయలేదు."

గోపాలప్ప పకపకా నవ్వాడు. "ఇంగెవరు రాసినారు, దయ్యమా? రాత చూడు, ఆయందే."

"రాత ఆయన రాతలాగే ఉండాది. రాసే తీరు ఆయనది కాదు. కుమిలిపోతూ, తలుచుకుంటూ అని బొమ్మన్న నలభై రెండు సీన్లలో ఒక్కసారి కూడా రాయలేదు. తలుచుకునేది కెమెరాకు కనపడదు."

"నీ సాహిత్యం మేజిస్ట్రేటుకు చెప్పు. 'అయ్యా, సీను బాగలేదు, ముద్దాయిని వదిలిపెట్టండి' అను. మెచ్చుకుని దండ వేస్తాడు." గోపాలప్ప గదిలోకి వచ్చి బల్ల మీద కాగితాలు పరిచాడు. "అయ్యవారూ, ఈడ సంతకం పెట్టండి. అయిదింటికి పోవాల."

"పెట్టనీ," అన్నాడు సుంకన్న. "ముందు నన్ను రెండు మాటలు అడగనీ. నీ కేసు అంత గట్టిదైతే నీకు భయమేంది?"

గోపాలప్ప గడియారం చూసుకుని మంచం అంచున కూర్చున్నాడు. "పది నిమిషాలు. అంతే."

సుంకన్న ఆదినారాయణప్ప వైపు తిరిగాడు. మాట మెత్తగానే ఉంది. "అయ్యవారూ, మీరు ఫెయిర్ కాపీ రాసేవారు. స్క్రీన్‌ప్లే అంటే నాకన్నా మీకు బాగా తెలుసు. గురువారం చూసింది సీనులాగ చెప్పండి. కనిపించింది, వినిపించింది, అంతే. మొదటినుంచి వద్దు. సైకిలు దిగిన కాడినుంచి చెప్పండి."

"సైకిలు దిగినాను. టైము మూడున్నర. కిటికీలో బొమ్మన్న గారు కనపడినారు. చాలా బాధలో ఉన్నారు."

"బాధ కనపడదు. ఏం చేస్తాండారు?"

ఆదినారాయణప్ప మాట దొరికినవాడిలా గబగబా చెప్పాడు. "రాసుకుంటా ఉన్నారు. మధ్యలో ఆపి కండ్లద్దాలు తీసినారు. టవలు కొసతో కండ్లు తుడుచుకున్నారు. రాసినదాంట్లో ఒక మాట కొట్టేసినారు. పెన్నుకు మూత పెట్టి పేజీ మీద అడ్డంగా పెట్టినారు. ఆయన ఎప్పుడూ అట్లనే పెడతారు."

"పెన్ను పేజీ మీద అడ్డంగా. బాగా చూసినారు. నేను డైరెక్టరునైతే ఈ షాటు అట్లనే ఉంచుతా." సుంకన్న లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. "కెమెరా యాడ పెట్టినారు అయ్యవారూ?"

"అంటే?"

"బొమ్మన్న అట్ల తిరిగి కూచుంటాడు. కిటికీ ఆయన వీపు వెనక. రోడ్డు పల్లంలో. ఇందాక సుబ్బక్కను కూచోబెట్టి చూసినా, కొప్పు తప్ప ఏమీ కనపడలేదు. కండ్లు తుడుచుకునేది, మాట కొట్టేసేది, పెన్ను పేజీ మీద పెట్టేది కనపడాలంటే కెమెరా యాడ ఉండాల?" అతను వేలు చూపించాడు. బల్లకూ గోడకూ మధ్య, సిరా మరకల చోటు. "ఆడ. మీరు రోజూ కూచుని కాపీ రాసుకునే చోట. గురువారం మీరు రోడ్డు మీద లేరు. ఈ గదిలో ఆయన ఎదురుగా కూచున్నారు. లేదా మీరు ఏమీ చూడలేదు. రెండిట్లో ఏదో మీరే చెప్పండి."

ఆదినారాయణప్ప జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "రోజూ చూసేవాణ్ణి కదా... అలవాటు మీద చెప్పినాను."

"అలవాటు మీద సాక్ష్యం చెప్తారా ఎవురైనా?"

"సుంకన్నా," అన్నాడు గోపాలప్ప మంచం మీదినుంచే. అంతకుముందున్న నవ్వు ముఖం మీద లేదు. "ఇంగేముండాదో అంతా చెప్పు. ఒకటే తూరి చెప్పు."

సుంకన్నకు ఉత్సాహం వచ్చింది. ఇన్నేళ్లకు గోపాలప్ప తన మాట వింటున్నాడు. నోటుబుక్కు విప్పి అతని చేతికి ఇచ్చి, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు.

"కుడి పేజీ చూడు. బొమ్మన్న ఎడమ పేజీ ఒకటే పొద్దున రాస్తాడు. మద్దేనం రెండింటికి ఆడోళ్లకు చదివి, వాళ్ల నోటి మాటలు తెచ్చుకుని, సాయంత్రం కుడి పేజీ నింపుతాడు. పదిమంది సాక్షులుండారు దీనికి. గురువారం ఆయన చదవనేలేదు. చదవని సీనుకు కుడి పేజీ యట్ల నిండింది? ఎవడో నింపినాడు. ఆయన రాత చూసి చూసి చేయి తిరిగినోడు, ఈ పుస్తకం ఎప్పుడూ సాయంత్రం ఆరు దాటినాక, రెండు పక్కలా నిండినాకనే చూసినోడు నింపినాడు. కుడి పేజీ సాయంత్రం దాకా ఖాళీగానే ఉండాలని వానికి తెల్దు. అయ్యవారూ, మీరు ఇస్కూలు విడిచినాక ఆరింటికి కదా వచ్చేది?"

ఆదినారాయణప్ప గోడకు ఆనుకున్నాడు.

"ఈ కుట్టు కాడ చూడు, కాగితం చింపిన అంచు. అసలు నలభై మూడో సీను ఈడ ఉండె. ఎడమ పేజీ ఒకటే ఉండుంటాది. దాని నెత్తిన పొద్దున టైము ఉండుంటాది కాబట్టి పీకేసి, వేరేది రాసి, నెత్తిన మూడు గంటలు అని వేసినారు. ఎందుకు? మూడింటికి బొమ్మన్న బతికి ఉండాడని మనం నమ్మాల. నిజంగా ఆయన ఒంటిగంటకే లేడు. పిలిస్తే పలకలేదు. సంగటి తినలేదు. రెండింటికి కొట్టానికి రాలేదు. పదకొండుకూ ఒంటిగంటకూ నడుమ పోయినాడు." సుంకన్న ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ టైములో హనుమప్ప యాడుండాడో నాకన్నా నీకే బాగా తెలుసు గోపాలప్పా. పదకొండునుంచి రెండున్నర దాకా నీ ఠాణా వరండాలో కుక్కరు కూచోనుండాడు. వాని తరఫు సాక్షివి నువ్వే."

గడపలో సుబ్బక్క రెండు చేతులూ జోడించి ఎస్సై వైపే చూస్తోంది. ఆ ముఖంలో మొదటిసారి ఆశ కనిపించింది.

గోపాలప్ప నోటుబుక్కు మూశాడు. "గురువారం హనుమప్ప నా ఠాణా గడప తొక్కలేదు."

"సార్!" జీపులోంచి హనుమప్ప అరిచాడు. "మీరే కద సార్ పిలిపిస్తిరి! నీళ్లు అడిగితే లాఠీ సూపిస్తిరి కద సార్!"

"ఎంట్రీ యాడుండాది? స్టేషను డైరీ తెచ్చి చూపించు. గురువారం పేజీలో వాని పేరుంటే నా నక్షత్రాలు పీకి నీ చేతిలో పెడతా."

సుంకన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం లేకుండా మనిషిని మూడున్నర గంటలు కూర్చోబెట్టాడు కాబట్టి ఒప్పుకోవడానికి భయపడుతున్నాడు. పై అధికారులు అడిగితే ఉద్యోగానికి ఎసరు. అదే అనబోయి ఆగిపోయాడు. వేరే లెక్క ఒకటి బుర్రలో తిరగడం మొదలుపెట్టింది.

ఆదినారాయణప్ప పన్నెండింటికో ఒంటిగంటకో ఈ పని చేశాడనుకుందాం. హనుమప్ప మీదికి నెట్టాలనుకున్నాడు. సోమవారం గలాటా ఊరంతా చూసింది కాబట్టి అది తట్టడంలో వింత లేదు. కానీ మూడున్నరే ఎందుకు? రెండు అని చెప్పి ఉండవచ్చు. రెండున్నర అని చెప్పి ఉండవచ్చు. అలా చెప్పి ఉంటే హనుమప్ప వరండాలో ఉన్నాడని తేలి కథ మొత్తం కూలిపోయేది. రెండున్నరకు వదిలితే, గంట నడక కలుపుకుంటే, సరిగ్గా మూడున్నర. హొసకోటలో ఉండే అయ్యవారికి హనుమప్పను ఎన్నింటికి వదిలారో ఎలా తెలుసు? ఏ డైరీలోనూ లేదు. తెలిసింది కూర్చున్నవాడికి, కూర్చోబెట్టినవాడికి.

"అయ్యవారూ," అన్నాడు సుంకన్న. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మూడున్నర అని చెప్పమని మీకు ఎవరు చెప్పినారు?"

ఆదినారాయణప్ప సుంకన్న వైపు చూడలేదు. అప్పటిదాకా ఎస్సై ఎవరో తెలియనట్టు నిలబడ్డ మనిషి తిన్నగా గోపాలప్ప వైపు తిరిగి ఏడుపు గొంతుతో అన్నాడు.

"నాకేం తెలుసు బావా? మూడు దాటాల అని నువ్వే కదా అంటివి! సీను కూడా రాసిపెట్టమంటివి. ఇప్పుడు ఈయప్ప కెమెరా అంటాడు, కుడి పేజీ అంటాడు, నేనేం చెప్పేది? నేను పేరు వేసుకుంటానని అడిగినా అంతే. కాపీ నాది, నా పేరు కూడా కింద వెయ్యమన్నా. బొమ్మన్న నగినాడు. తోసినా. బావిలో పడతాడని నాకు..."

"నోరు ముయ్," అన్నాడు గోపాలప్ప.

కోపంగా అనలేదు. ఇంట్లో చిన్నవాళ్లను కసిరినట్టు అన్నాడు. తర్వాత సుంకన్న వైపు తిరిగి, "మా చెల్లెలి మొగుడు. ఎంత చదివినా నోటి మీద అదుపు లేదు," అన్నాడు, ఎవరో చుట్టాన్ని పరిచయం చేస్తున్నట్టు.

పొద్దున తాళంచెవి ఎందుకు విసిరాడో సుంకన్నకు అర్థమైంది. కథలో చిల్లులు ఎక్కడున్నాయో వెతకడానికి గోపాలప్పకు ఒక మనిషి కావాలి. ఆ మనిషి తనే అయ్యాడు. గంటసేపు కష్టపడి వెతికి, ఒక్కటి కూడా దాచుకోకుండా, వేలు పెట్టి మరీ చూపించాడు. ఇంత తెలివితక్కువ పని తన జీవితంలో చేయలేదు.

నోటుబుక్కు గోపాలప్ప చంకలో ఉంది. అతను నెమ్మదిగా లేచి, నలభై మూడో సీను కాగితం కుట్టు దగ్గర పట్టి లాగాడు. దారం నుంచి ఊడి వచ్చింది. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాడు. డ్రైవరు కానిస్టేబులు ఇటు చూడకుండా జీపు అద్దం తుడుస్తున్నాడు.

"ఆయమ్మ మాట ఎవురూ వినరు," అన్నాడు గోపాలప్ప సుబ్బక్క వైపు చూపి బయటికి నడుస్తూ. "ముద్దాయి మాట అసలే వినరు. నువ్వొకడివే నాకు ఇబ్బంది సుంకన్నా."

సుబ్బక్క లేచి అతని కాళ్లకు అడ్డం పడింది. చేట తిరగబడి ఒలిచిన గింజలన్నీ గడపలో చెల్లాచెదరయ్యాయి. గోపాలప్ప బూట్లతో వాటి మీదుగానే దాటిపోయి జీపు వెనక తలుపు తెరిచాడు. లోపల హనుమప్ప బేడీల చేతులతో ఒక పక్కకు జరిగాడు, చోటు ఇస్తున్నట్టు.

"ఎక్కు," అన్నాడు గోపాలప్ప, వెనకాలే బయటికి వచ్చిన సుంకన్నతో. "నీ స్టేట్‌మెంటు కూడా తీసుకోవాల."

"యాడికి?"

"మా ఠాణాకే. వరండాలో కూచుందువు." లాఠీ సుంకన్న భుజం మీద మెత్తగా ఆనింది. "ఎంట్రీ ఏమీ రాయనులే."